లోపల – 4

దారం మామ ఏ బీరువా తలుపు తీయాలన్నా ముందు వేలు మడిచి రెండుసార్లు కొట్టేవాడు. అవి ఇనప బీరువాలు. వాటిలో యంత్రాలు, యంత్రాలకు కేబుళ్లు తప్ప మనిషనేవాడు ఉండడు. "లోపల ఎవరున్నారు మామా, బట్టలు మార్చుకుంటున్నారా?" అని ఆఫీసంతా ఏడిపించేది. "పనిలో ఉన్నారు. చెప్పకుండా తలుపు తీస్తే ఉలిక్కిపడరూ?" అనేవాడు, నవ్వకుండా.

సోమవారం ఉదయం, ఆ యంత్రాల బాధ్యత చూసే స్టోరేజ్ మేడమ్ నాలుగో బీరువా ముందు నిలబడి, తనకు తెలియకుండానే వేలు మడిచి రెండుసార్లు కొట్టింది. కొట్టాక గబుక్కున వెనక్కి చూసింది. ఎవరూ లేరు. మామను ఉద్యోగంలోంచి తీసేసి ఏడు వారాలైంది. కానీ ఆ గదిలో ఎటు చూసినా అతనే. అందరూ కేబుళ్లను ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తే అతను మైనం పూసిన తెల్లదారంతో కట్టేవాడు. పట్టీ వేస్తే కేబుల్ గొంతు నొక్కినట్టుంటుందని అతని బాధ. ప్రతి జానెడుకూ ఒక ముడి, ప్రతి ముడికీ వేలెడంత కొస. ప్రతి కేబుల్ చివరా ఒక చీటీ, దాని మీద వాలుగా అతని అక్షరాలు: బయట – 1, లోపల – 1, బయట – 2, లోపల – 2. అలా ఆరు యంత్రాలకూ రాసిపెట్టాడు.

ఆ ఆసుపత్రిలో తీసే ప్రతి స్కానూ, ప్రతి ఎక్స్‌రే ఈ ఆరు యంత్రాల్లోనే ఉంటుంది. ఏ బొమ్మనైనా మూడు యంత్రాలు తలొక ప్రతి దాచుకుంటాయి. ఒక యంత్రం పోతే మిగతావి చేతులు ముడుచుకుని కూర్చోవు, పోయిన ప్రతులన్నీ మళ్లీ తయారుచేసి పంచుకుంటాయి. అందుకని రెండు దారులు పెట్టారు. డాక్టర్లు బొమ్మలు అడిగేది బయటి దారిలో. యంత్రాలు తమలో తాము ప్రతులు పంచుకునేదీ, 'ఉన్నావా, ఉన్నాను' అని క్షణక్షణం పలకరించుకునేదీ లోపలి దారిలో. వచ్చిపోయేవాళ్లకు వీధి గుమ్మం, ఇంట్లో బరువులు మోసేవాళ్లకు పెరటి గుమ్మం. ఇద్దరూ ఒకే గుమ్మంలో పడితే ఎవరూ కదలలేరు. రెండేళ్ల కిందట మేడమ్ ఈ ప్లాను గీసింది. మేనేజరు దానికి అద్దం కట్టించి తన గదిలో తగిలించుకున్నాడు. ప్లాను గొప్పదే. కాగితం మీద ఉన్నంతసేపూ ఏ ప్లానైనా గొప్పదే.

ఏడు వారాల కిందట ఒక మధ్యాహ్నం నాలుగో యంత్రం ఆగిపోయింది. ప్లాను ప్రకారం ఒక్కటి ఆగితే బయటివాళ్లకు తెలియను కూడా తెలియకూడదు. కానీ ఆసుపత్రిలో ప్రతి తెరా బిగుసుకుపోయింది. నలభై నిమిషాలు ఒక్క బొమ్మ తెరుచుకోలేదు. సరిగ్గా అప్పుడే ఒక పక్క ఒళ్లు పడిపోయిన ఒకావిడను తెచ్చారు. స్కాన్ అయితే తీశారు గానీ, అవతలి భవనంలో ఉన్న పెద్ద డాక్టరమ్మ దాన్ని చూడలేకపోయింది. రోగి బతికింది. మాట పోయింది.

విచారణ మూడు రోజుల్లో తేల్చేశారు. కెమెరాలో అంతా ఉంది. యంత్రం ఆగడానికి పదకొండు నిమిషాల ముందు దారం మామ నాలుగో బీరువా తీశాడు, ఒక కేబుల్ పీకాడు, చూశాడు, మళ్లీ గుచ్చాడు. అది ఏ కేబులని విచారణకు పెద్దగా కూర్చున్న ఆ డాక్టరమ్మే అడిగింది. మేడమ్ ప్లాను చూసి, "లోపల నాలుగు. యంత్రాలు ప్రతులు పంచుకునే కేబులు" అంది. ఉన్నమాటే చెబుతున్నాననుకుంది. ఆ ఒక్క ముక్కతో అందరి పనీ తేలికైపోయింది. దీపం మిణకడం లేదని చూశానండీ, అని మామ అన్నాడు గానీ, ఆ ముక్క ఎవరూ రాసుకోలేదు.

ఇకమీదట అలాంటిది జరగకూడదని, లోపలి కేబుళ్లు ఆరూ వచ్చి కలిసే కూడలి పెట్టెను మార్చి, పెద్దది పెట్టాలనుకున్నారు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ముహూర్తం. పాతది తీసే ముందు అందులో ఏ కేబుల్ గుండా ఎంత సరుకు నడిచిందో రాసిపెట్టుకోవడం మేడమ్‌కు అలవాటు. పెట్టెకు కరెంటు పోగానే ఆ అంకెలు చెరిగిపోతాయి. నేల మీదే మఠం వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పెట్టెను అడిగింది.

వచ్చిన అంకె చూసి, తప్పు అడిగాననుకుని మళ్లీ అడిగింది. మూడోసారీ అదే అంకె. రెండేళ్లలో ఒక్కో లోపలి కేబుల్ గుండా నడిచింది ఒక్క రోగి స్కానంత కూడా లేదు. అదైనా పెట్టె తన ఉనికి చెప్పుకోవడానికి అప్పుడప్పుడూ దగ్గిన దగ్గు. రోజూ వందల మంది స్కాన్లు దాచే చోట, ఆ దారిలో మనిషి అలికిడన్నదే లేదు.

తలెత్తి చూసింది. పెట్టె మీద ఆరు ఆకుపచ్చ దీపాలు రెప్ప వేయకుండా వెలుగుతున్నాయి. పక్కన సరుకు నడుస్తున్న బయటి కేబుళ్ల దీపాలు మాత్రం ఊపిరాడనట్టు మిణుకుమిణుకుమంటున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం, యంత్రం ఆగడానికి కాస్త ముందు, నడవాలో తను ఫోను చెవికి ఆనించుకుని పోతుంటే మామ ఎదురొచ్చాడు. "అమ్మా, ఆ లోపలి దీపాలు మిణకడం లేదు. వెలిగి ఊరుకున్నాయి" అన్నాడు. "ఆకుపచ్చగానే ఉన్నాయి కదా మామా, వదిలేయండి" అంది తను. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం కూడా చూడలేదు.

వెనక ఎవరో బీరువా తలుపు మీద రెండుసార్లు కొట్టినట్టయింది. ఏదో ఫ్యాను రెక్క సడలి ఉంటుంది. మేడమ్ ల్యాప్‌టాప్ మూసేసి, అంకెలు రాసుకోకుండానే బయటికి వచ్చేసింది.

*

మంగళవారం పొద్దున్నే వచ్చి యంత్రాల సెట్టింగుల ఫైలు తెరిచింది. చూడకపోతే బాగుండునని ఉంది, చూడకుండా ఉండలేకపోయింది. బయటి దారి ఏ అడ్రసులో నడవాలో ఒక వరస. దాని కింద లోపలి దారికి ఇంకో వరస. రెండింట్లోనూ ఒకటే అడ్రసు. పక్కన ఆమె రాసుకున్న మాట: 'కేబుళ్లు వచ్చాక మార్చాలి.'

కేబుళ్లు రెండు వారాలు ఆలస్యంగా వచ్చాయి. మామ ఆరు రోజులు వంగి, పాకి, వాటిని లాగి, ముళ్లు వేసి, చీటీలు కట్టాడు. దీపాలు ఆకుపచ్చగా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు, టీలు తాగారు. ఆమె ప్లాను గీసి ఇచ్చింది. మార్చాల్సిన వరస మాత్రం మార్చలేదు. రెండేళ్లుగా బరువులు మోసేవాళ్లూ వచ్చిపోయేవాళ్లూ ఒకే వీధి గుమ్మంలోంచి నడుస్తున్నారు. రద్దీ లేనన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు యంత్రాలు రాసుకున్న దినచర్య తీసి చదివింది. నాలుగోది ఆగగానే మిగతా అయిదూ ప్రతులు చేసుకోవడం మొదలెట్టాయి. ఆ తాకిడికి ఉన్న ఒక్క దారీ కిక్కిరిసింది. అందులో పలకరింపులు కూడా నలిగిపోయాయి. పలకరింపు అందకపోతే ఎదుటిది చచ్చిందని రాసేయడం ఆ యంత్రాలకు నేర్పిన పద్ధతి. రెండోది అయిదోదాన్ని చచ్చినవాటిలో రాసింది, ఆరోది రెండోదాన్ని. ప్రతి రెండు మూడు వరసలకూ ఏదో ఒక యంత్రం అదే మాట మొరపెట్టుకుంది: నన్ను పొరపాటున చచ్చినవాటిలో రాశారు, నేను బతికే ఉన్నాను. నలభై నిమిషాల పాటు, పేజీల నిండా అదే మాట. విచారణ కాగితాలకు ఇది జత చేసింది తనే. అప్పుడు చివరి పేజీ ఒక్కటే చదివింది.

నాలుగోది ఎందుకు ఆగిందో కూడా సొరుగులోనే ఉంది. బాగుచేసినవాళ్లు ఇచ్చిన చీటీలో, కరెంటు అందించే భాగం కాలిపోయిందనీ, కొన్ని రోజులుగా అది రొద పెడుతూ ఉండి ఉంటుందనీ రాశారు. ఆ చీటీ వచ్చేసరికి విచారణ ముగిసింది. మామ ఆ రోజు బీరువా తీసింది ఆ రొద విని. తీసినవాడు ఊరుకోక, మిణకని దీపం చూసి, కేబుల్ ఒకసారి పీకి గుచ్చాడు.

ఆ చీటీ తన సొరుగు దాటదు, ఫైల్లో వరస తను ఎప్పుడైనా మార్చేయొచ్చు. అంటే ఆ పెట్టెలోని అంకె ఒక్కటే మామకు సాక్ష్యం. ఆయన పీకింది ఏమీ మోయని కేబుల్ అని అదే చెబుతుంది. ఎందుకు మోయలేదో కూడా అదే చెబుతుంది. మామను విడిపించే అంకె తనను పట్టిస్తుంది. అది గురువారం పన్నెండింటికి దానంతటదే చెరిగిపోతుంది. ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే చాలు.

సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పింది. అతను లెక్కల మాస్టారు, ఏదైనా రెండు వైపులా చూస్తాడు. అంతా విని, "నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు. లేదంది. "మరి?" అన్నాడు. చెడ్డవాడేం కాదు. భార్య మీద ప్రేమున్న ఏ మనిషైనా అదే అంటాడు. ఆమెకు ఆ మాట ఊరటగానే అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

బుధవారం ముందు మేనేజరు దగ్గరికి వెళ్లింది. అతను తలుపు వేసి, నెమ్మదిగా, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆ పేషెంటుకు మాట తిరిగిరాదు. మామకు ఎలాగూ రెండేళ్లలో రిటైర్మెంటే. ఇప్పుడు ఇది తవ్వితే ఆసుపత్రి పేరు, ఆమె పేరు, ఆమెను నమ్మిన తన పేరు. రేపు పెట్టె మార్చేటప్పుడు ఆ వరస కూడా సరిచేసేయమ్మా, ఇక ఎప్పటికీ జరగదు, అన్నాడు. అతని తల వెనక గోడ మీద అద్దంలో ఆమె ప్లాను. ఎర్రగీత బయటి దారి, నీలంగీత లోపలి దారి. నీలంగీత దగ్గర ఆమె ముఖం నీడగా కనిపించింది. సరేనని చెప్పి వచ్చేసింది.

మధ్యాహ్నం దారం మామ ఇంటికి వెళ్లింది. ఎందుకు వెళుతోందో ఆమెకే తెలియదు. మూడో అంతస్తులో రెండు గదులు. అత్తయ్య, అంటే మామ భార్య, తలుపు తీసి ఎవరో పోల్చుకుని కాస్త తడబడింది. ఆఫీసునుంచి మొదటిసారి మనిషి వచ్చిందని కుర్చీ తుడిచి వేసింది.

మామ కిటికీ దగ్గర కూర్చున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, డ్యూటీకి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. గదిలో ఉక్కగా ఉంది. ఫ్యాను తిరగడం లేదు, మామ చెయ్యి చాస్తే స్విచ్చి అందుతుంది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి స్విచ్చి నొక్కి వెళ్లింది.

"ఈయన స్విచ్చి ముట్టుకోవడం మానేశారు" అంది టీ ఇస్తూ, చిన్నపిల్లాడి పేచీ చెప్పినట్టు. "సెల్లు కూడా నేనే చార్జింగు పెట్టాలి. శుక్రవారం మాత్రం మధ్యాహ్నం ఎక్కడికో వెళతారు. ఎక్కడికంటే పనుందంటారు."

మామ నవ్వే ప్రయత్నం చేశాడు. యంత్రాలు ఎలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయంది. ఆఫీసువాళ్ల క్షేమం పేరుపేరునా అడిగాడు. వాళ్లెవరూ ఏడు వారాలుగా అతనికి ఫోన్ చేయలేదని ఇద్దరికీ తెలుసు. చివరికి తన కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని, దాన్ని చూస్తూ మాట్లాడాడు.

"ముప్పై ఏళ్లమ్మా. ఒక్క కేబుల్ తప్పు పీకలేదు. ఆ రోజు ఏమైందో ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. మెల్లగానే పీకాను. మళ్లీ టక్కుమని శబ్దం వచ్చేదాకా గుచ్చాను. కానీ మీరు చూసి చెప్పారు కదా, అది యంత్రాలు పంచుకునే కేబులని. మీరు చెప్పాక ఇంకేముంది? ఈ చేత్తోనే ఆ తల్లి నోరు మూసేశాను."

మేడమ్ తన మీద నేరం మోపుతాడని భయపడుతూ వచ్చింది. అతను ఆమె మాట నమ్మాడు. ఆమె మాటను తన కళ్లకంటే, తన చేతికంటే ఎక్కువ నమ్మాడు. ఇంతకంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. అక్కడే చెప్పేయాలనుకుంది. కానీ ఈ రెండు గదుల్లో చెబితే ఇక్కడే ఉండిపోతుంది. అతన్ని దోషి అన్నది నలుగురిలో.

"మామా, రేపు పదకొండింటికి ఆసుపత్రికి రావాలి మీరు" అంది లేచి.

"నన్ను లోపలికి రానివ్వరమ్మా."

"నా మనిషిగా రండి. గుమ్మం దగ్గర నేనుంటాను."

*

గురువారం పదకొండింటికి యంత్రాల గదిలో నలుగురున్నారు. డాక్టరమ్మను మేడమే స్వయంగా వెళ్లి పిలిచింది. నలభై నిమిషాలు ఎందుకు పోయాయో చూపిస్తానంటే, చేతిలో పని వదిలేసి వచ్చింది. డాక్టరమ్మ ఉందని తెలిసి మేనేజరు పరుగున వచ్చాడు. మామ జేబుకు విజిటరు బిళ్ల తగిలించుకుని, ముప్పై ఏళ్లు తిరిగిన గదిలో గోడకు ఆనుకుని, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డాడు.

మేడమ్ ఏమీ వివరించలేదు. డాక్టరమ్మ చేతికి ఒక తెర ఇచ్చి, స్కాన్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ ఉండమంది. మామ వైపు తిరిగి, నాలుగో బీరువా చూపించింది.

"మామా, లోపల నాలుగు పీకండి."

మేనేజరు నోరు తెరిచి, డాక్టరమ్మను చూసి మూసుకున్నాడు. మామ కదల్లేదు.

"నా చేత మళ్లీ అది చేయించకండమ్మా. ఇది పగలు. రోగులుంటారు."

"ఈసారి నేను చూస్తూ ఉంటాను" అంది ఆమె.

అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత వచ్చి, వేలు మడిచి, బీరువా తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. తలుపు తీశాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, లోపల – 4 అన్న చీటీ ఉన్న కేబుల్ నొక్కు వదిలించి బయటికి లాగాడు. కూడలి పెట్టె మీద ఒక దీపం ఆరింది.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ తెరుచుకుంది. ఇంకొకటి తెరిచింది. అదీ తెరుచుకుంది.

పదకొండు నిమిషాలు ఆగుదామంది మేడమ్. నలుగురూ ఏసీ చలిలో నిలబడ్డారు. గోడ మీద ఫోను ఉంది. ఆసుపత్రిలో ఏ తెర బిగుసుకున్నా ముందు మోగేది అదే. మామ దాన్నే చూస్తున్నాడు. కేబుల్ అతని చేతిలోనే ఉంది. ఫ్యాన్లు హోరుమంటున్నాయి. అయిదు నిమిషాలైంది. ఎనిమిదైంది. మేడమ్ వెళ్లి మిగతా అయిదు లోపలి కేబుళ్లు కూడా ఒక్కొక్కటీ పీకేసింది. పెట్టె మీద దీపాలన్నీ ఆరిపోయాయి. డాక్టరమ్మ వేలు తెర మీద కదులుతూనే ఉంది, బొమ్మలు తెరుచుకుంటూనే ఉన్నాయి. పదకొండు నిమిషాలూ గడిచాయి. ఫోను మోగలేదు. ఏమీ జరగలేదు.

"ఇవి దేనికి మరి?" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

అప్పుడు మేడమ్ పెట్టెలోని అంకె చూపించింది, ఫైల్లోని వరస చూపించింది, పక్కన తను రాసుకున్న మాట చదివి వినిపించింది. రెండేళ్లుగా ఈ దారిలో ఏమీ నడవలేదనీ, ఆ రోజు అన్నీ ఒక్క దారిలో ఇరుక్కున్నాయనీ, యంత్రం తనంతట తాను కాలిపోయిందనీ చెప్పింది. "మామ నాకు ముందే చెప్పారు. నేను వినలేదు. ఆ నలభై నిమిషాలు నా వల్ల" అంది. రాత్రంతా లోలోపల అనుకుని అనుకుని ఆ మాటలు అరిగిపోయాయి.

డాక్టరమ్మ తెర కిందపెట్టి, ముందుగా మామ దగ్గరికి వెళ్లి ఏదో అంది. హోరులో వినిపించలేదు. మేనేజరు గోడ వైపు తిరిగి ఎవరికో ఫోన్ చేసుకున్నాడు.

మేడమ్ ఆ వరస మార్చింది. కేబుళ్లు గుచ్చి, ఒక్కో యంత్రాన్నీ ఆపి, మళ్లీ మొదలుపెట్టింది. ఆరోది లేచేసరికి గంటన్నర పట్టింది. మామ వెళ్లిపోకుండా పక్కనే నిలబడ్డాడు. పెట్టె మీద ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే మిణకడం మొదలెట్టాయి. "ఇప్పుడు మాట్లాడుకుంటున్నాయి" అన్నాడు. అతను సంతోషిస్తాడనీ, లేదా తనను తిడతాడనీ ఆమె ఎదురుచూసింది. అతను లోపల – 4 చీటీ నిమురుతూ, ఏదో లెక్క కుదరనట్టు నిలబడ్డాడు.

"అమ్మా, నేను ఆ ఇంటికి వెళ్లి చెప్పేశానే. ఈ చెయ్యే చేసిందని."

"ఏ ఇంటికి మామా?"

"ఆవిడ ఇంటికి. మాట పోయినావిడ. ప్రతి శుక్రవారం వెళ్లి కాసేపు కూర్చుంటాను. మొదట్లో కొడుకు తలుపు వేసేశాడు. ఆవిడే రానిమ్మని సైగ చేసింది. ఏడు వారాలుగా నన్ను చూస్తూ ఉంది, నేనేననుకుని." చీటీ వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు ఎవరు చెబుతారమ్మా ఆవిడకి?"

మేడమ్ దారి అడిగింది. మామ జేబులోంచి కాగితం తీసి, కేబుల్ చీటీ రాసినట్టే వాలు అక్షరాలతో రాసిచ్చాడు.

"తలుపు రెండుసార్లు కొట్టండి. మాట రాదు కదా, మంచం పట్టె మీద కొడుతుంది. అంటే రమ్మని."

*

శుక్రవారం నుంచి ఆమెను ఆఫీసుకు రావద్దన్నారు. మామను తిరిగి తీసుకునే కాగితానికి ఇంకో వారం పడుతుందట. పాత పెట్టెలోని అంకెలు ముందే రాయించుకుని, దాన్ని మార్చాక డాక్టరమ్మ తన గదికి తెప్పించి బీరువాలో పెట్టి తాళం వేసిందని ఎవరో చెప్పారు. మేనేజరు గోడ మీద మేకు మాత్రం మిగిలింది.

మధ్యాహ్నం మూడింటికి ఆమె ఆ వీధిలో దిగింది. కాగితంలో రాసిన ఇల్లు మెట్ల కింద వాటా. గుమ్మం ముందు ఒక్క జత చెప్పులున్నాయి, ఆడవాళ్లవి. చాలాకాలంగా వేసుకోనట్టు వాటి మీద దుమ్ము పట్టి ఉంది. వాటి పక్కన తన చెప్పులు విడిచింది. ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చింది. ఒక్క మాట కూడా మిగల్లేదు. వెనక్కి వెళ్లిపోవచ్చు. ఇక్కడ కూడా ఎవరూ ఆమెను రమ్మని అడగలేదు.

వేలు మడిచి తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

లోపల ఏ అలికిడీ లేదు. ఇంట్లో ఎవరూ లేరేమో అనుకుంది, లేకపోతే బాగుండుననుకుంది. అప్పుడు లోపల్నుంచి, కొయ్య మీద, నిదానంగా రెండుసార్లు వినిపించింది. ఆమె తలుపు తోసి లోపలికి వెళ్లింది.